వంకర హ్యాండిలు సైకిలు

"తాడు ఇడువు ఓదెలన్నా. ఇడువకుంటే మంచిగుండదు."

ఆండాలు అరవలేదు. పొద్దుటి పాలు పితికిన చేతులు ఇంకా తడారలేదు. ఆ చేతులతోనే బర్రెపడ్డ మెడతాడు బిగించి పట్టుకుని కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తాడు రెండో కొస పశువుల బేరగాడు ఓదెలు పిడికిట్లో ఉంది. ఇంకా ఒక్క ఈతైనా ఈనని ఆ నల్లటి బర్రెపడ్డ ఇద్దరి మధ్యా నిలబడి, ఎటు నడవాలో తెలియక తల ఊపుతోంది.

"నన్నంటే ఏం లాభం అక్కా? మీ ఆయన రమ్మన్నడు, వచ్చిన," అన్నాడు ఓదెలు నసుగుతూ.

ఆండాలు మొగుడివైపు తిరిగింది.

రాంచందర్ వాకిట్లో నల్లకోటు తొడుక్కుని నిలబడ్డాడు. మొఘల్‌పురాలో పాలమ్ముకు బతికే గౌలీల ఇళ్లలో కోటు తొడుక్కునేవాడు అతనొక్కడే. నయాపూల్ దగ్గర ఒక వకీలు గారింట్లో మున్షీ. వకీలు చెప్పింది రాయడం, రాసింది కట్టలు కట్టడం, కట్టినవి మోయడం అతని పని. గల్లీలో అడుగు పెట్టేసరికి మాత్రం తానే వకీలైనట్టు నడుస్తాడు. పెళ్లై తొమ్మిదేళ్లయినా ఆ నడక చూస్తే ఆండాలుకు నవ్వాగదు. ఈ పొద్దు మాత్రం నవ్వు రాలేదు.

"పదిమందిల లొల్లి ఎందుకే?" అన్నాడు రాంచందర్. "నేను ఖరారు జేసిన. పడ్డ పోతది, తమ్మునికి సైకిల్ వస్తది. అయిపోయింది."

"ఎవరి పడ్డను ఎవరు ఖరారు జేసిండ్రు? తల్లిగారింటి నుంచి మా అవ్వ ఇచ్చిన బర్రె కడుపుల పుట్టింది ఇది. మా అవ్వను అడిగినవా? నన్ను అడిగినవా?"

"ఇంట్ల ఉన్నది ఇంటిది. నీది నాది ఏంది?"

"గట్లనా? మరి నీ కోటు గూడ ఇంటిదే. ఇయ్యి, పేడ ఎత్తనీకి గుడ్డ లేదు."

ఓదెలు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోవడానికే.

గోడ వారన కూర్చుని చుట్ట కాలుస్తున్న మామ మొగులయ్య దగ్గాడు. పక్కన మజ్జిగ చిలుకుతున్న అత్త సత్తెమ్మ కవ్వం ఆపింది.

"ఉరికెటోనికి సైకిల్ ఎందుకో, సైకిల్ ఉన్నోనికి ఉరుకుడు ఎందుకో, నాకైతే సమజ్ గాదు," అంది సత్తెమ్మ.

"నీకే గాదు, ఎవలకూ గాదు," అన్నాడు మొగులయ్య. "సగం చడ్డి ఏసుకొని ఉరుకుతడు. ఎనుక కుక్క తరమదు, పోలీసోడు తరమడు. దొంగ గూడ అట్ల ఉత్తగ ఉరకడు."

ఈ మాటలన్నీ ఎవరి గురించో అతను అక్కడే, లోపలి గడప మీద కూర్చున్నాడు. కొండల్‌కు ఇరవై ఏళ్లు. ఇంటర్ రెండో ఏడు. మైలు పరుగులోనూ, మూడు మైళ్ల పరుగులోనూ కాలేజీలో అతని ముందు నిలిచేవాడు లేడు. అందుకే కాలేజీవాళ్లు ఫీజు మాఫీ చేశారు. పోయిన శుక్రవారం మైదానంలో పరుగెత్తుతూ పరుగెత్తుతూ కూలబడ్డాడు. మోకాలి కింది ఎముక వాచింది. ఇప్పుడు అక్కడ ఉప్పు, చింతాకు నూరి కట్టిన కట్టు ఉంది.

ఆండాలు అతనివైపు చూసింది. తాను కాపురానికి వచ్చేనాటికి వాడికి పదకొండేళ్లు. పాలచెంబు రొమ్ముకు హత్తుకుని, చుక్క ఒలకకుండా గల్లీలన్నీ ఉరికి వచ్చేవాడు.

"నీకు గావాల్నా సైకిల్? నోరు తెరిచి చెప్పు."

కొండల్ కట్టు సర్దుకున్నాడు. "డ్రిల్లు మాస్టర్ అన్నడు వదినా. రెండు నెలలు ఉరుకుడు బంద్ జేయాలె. బంద్ జేస్తే దమ్ము పోతది. సైకిల్ తొక్కితే ఎముక మీద బరువు పడదు, దమ్ము నిలుస్తది. జనవరిల పందెం ఉన్నది. అండ్ల ఉరకకుంటే ఫీజు మాఫీ తీసేస్తరు."

"మాస్టర్ సంగతి గాదు. నీ సంగతి చెప్పు."

అతను తల ఎత్తలేదు. వాకిలంతా అతని నోటివైపే చూసింది.

"గావాలె వదినా," అన్నాడు చివరికి. "నేను చూసిన దాన్ని. హ్యాండిల్ కిందికి వంకర తిరిగి ఉంటది. దాని మీద వంగి తొక్కితే గాలిని కోస్కుంట పోతది. లడాయి మొదలైనంక ఇంగ్లీషోల సీమ నుంచి గట్లాంటివి వస్తలేవు. మల్ల దొరకదు."

ఆండాలుకు ఒళ్లు మండింది. వద్దంటాడనుకుంది. నాకోసం నీ పడ్డను అమ్మొద్దు వదినా అంటాడనుకుంది. తన చేత్తో అన్నం పెట్టి పెంచిన పిల్లగాడు కూడా మగవాడై కూర్చున్నాడు.

"మంచిది. నువ్వు గూడ రేపు కోటు కుట్టిచ్చుకో," అంది.

కొండల్ చెవులు ఎర్రబడ్డాయి. రాంచందర్ గెలిచినట్టు కోటు దులుపుకున్నాడు.

ఆ దులుపుడు చూశాక ఆండాలు మనసులో ఏదో మెలిక పడింది. తొమ్మిదేళ్లలో ఈ మనిషి తమ్ముడు ఏ తరగతి చదువుతున్నాడని అడిగిన పాపాన పోలేదు. వాడు పందెంలో గెలిచి వెండి కప్పు తెస్తే, అందులో సిరా పోసుకోవచ్చా అని చూశాడు. అట్లాంటివాడికి ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎక్కడినుంచి ఊడిపడింది? ఆ సైకిలు వకీలు గారి కొడుకుది. వకీలు కుర్చీలో రేపు కూర్చునేది ఆ కొడుకే. పెద్ద మున్షీ ముసలివాడై పని మానుకోబోతున్నాడని గల్లీకంతా తెలుసు.

"మామా," అంది. "బర్రెను కొనేముందు పండ్లు చూస్తవు. పొదుగు చూస్తవు. నడిపిచ్చి చూస్తవు. ఈ సైకిల్‌ను ఎవలు చూసిండ్రు?"

"నేను చూసిన. ఫస్టుక్లాస్ మాల్," అన్నాడు రాంచందర్ వెంటనే.

"నువ్వు వకీల్ కొడుకు ముఖం చూసినవు. నేను పోయి సైకిల్‌ను చూస్త. ఎట్లాగూ ఆ ఇంటికి పాలు పొయ్యాలె."

"ఆడిదానికి ఏం ఎర్క సైకిల్ సంగతి? ఇజ్జత్ తీస్తవా నాది?"

మొగులయ్య చుట్ట నేలకేసి నలిపాడు. "పోనీయి. కోడలు చూసొచ్చేదాక పడ్డ కదలదు. ఓదెలూ, నువ్వు పో."

ఓదెలు తాడు వదిలాడు. రాంచందర్ ఓదెలుతో పాటే గల్లీలోకి వెళ్లిపోయాడు.

*

వకీలు గారింటి వెనక వాకిలిలో పనిమనిషి మాణిక్యమ్మ పాలు పోయించుకుంటుంటే, వసారాలో గోడకు ఆనించి ఉన్న సైకిలు ఆండాలు కంటబడింది.

ఇదా?

క్యారియరు లేదు. గంట లేదు. చక్రాలు బక్కచిక్కి, పదిరోజులు మేత లేని దూడ కాళ్లలా ఉన్నాయి. హ్యాండిలు మేకపోతు కొమ్ముల్లా కిందికి వంగింది. పాలచెంబు తగిలించడానికి ఒక్క కొక్కెమైనా లేదు. దీనికోసమా మా పడ్డ, అనుకుంది ఆండాలు. ఏ పనికీ రాని వస్తువుకే మగవాళ్లు ఎక్కువ ఖరీదు కడతారన్నది ఆమెకు పుట్టింటినుంచీ తెలిసిన సంగతే.

అయినా చెంబు కింద పెట్టి దగ్గరికి వెళ్లింది. బర్రెను చూసినట్టే చూసింది. ముందునుంచి చూసింది, వెనకనుంచి చూసింది, వంగి కడుపు కింద చూసింది. హ్యాండిలు పట్టుకుని నాలుగడుగులు నడిపించింది. పట్టు వదులు చేసినప్పుడల్లా ముందుచక్రం ఎడమకు గుంజింది.

"కుంటుతున్నది," అని గొణుక్కుంది.

"ఏయ్ దూద్‌వాలీ! చెయ్యి తియ్యి. పేడ అంటుతుంది."

వకీలు కొడుకు దామోదర్ మేడమెట్లు దిగుతున్నాడు. జుట్టుకు సెంటు నూనె, ముంజేతికి గడియారం. వాడి వయసూ ఇరవై రెండు దాటి ఉండదు.

ఆండాలు చెయ్యి తియ్యలేదు. "మున్షీ రాంచందర్ పెండ్లాన్ని. సైకిల్ చూడనీకి వచ్చిన."

"ఓహో!" దామోదర్ పెద్దగా నవ్వాడు. "చూడు, చూడు. పళ్లు కూడా లెక్కపెట్టుకో. మీ మరిది తొక్కుతాడటగా? వాడి పరుగు నేను చూశాను. చేతులు రెండూ రొమ్ముకు దగ్గరగా పెట్టుకుని ఉరుకుతాడు, పాలచెంబు జారిపోతుందేమో అన్నట్టు. మైదానమంతా ఒకటే నవ్వు."

"నవ్వినోళ్లు వాని ఎనుకనే ఉండిండ్రు గదా," అంది ఆండాలు. "ముందుంటే నవ్వు వినబడేదిగాదు."

దామోదర్ నవ్వు సగంలో ఆగింది.

ఆమె మళ్లీ వంగింది. సైకిలు ఒళ్లంతా రంగు చిన్నచిన్న పెచ్చులు లేచి పాతబడి ఉంది. ముందుచక్రాన్ని పట్టుకునే రెండు ఇనుపకాళ్లు మెడలో కలిసేచోట మాత్రం నల్లరంగు నిగనిగలాడుతోంది. అక్కడ గోటితో గీకింది. మెత్తటి రంగు గోటి కిందికి వచ్చింది. దాని కింద ఇనుము ఉబ్బుగా, గరుగ్గా ఉంది. విరిగిన ఎముక అతుకుకున్నచోట పశువుకు ఉండే కంతిలాగే ఉంది.

"ఇక్కడ ఏమైంది అయ్యా?"

"ఏమీ కాలేదు. నీకేం తెలుసు? రేసు సైకిళ్లు అట్లాగే ఉంటాయి." దామోదర్ సైకిలును ఆమె చేతిలోంచి లాక్కుని గోడకు ఆనించాడు. "మున్షీతో నేను మాట్లాడుకుంటా. పాలు పోశావుగా, వెళ్లు."

వాడు మెట్లెక్కి పోయాడు. ఆండాలు చెంబు ఎత్తుకుని వెనక గుమ్మం దాటింది. మాణిక్యమ్మ గిన్నె పట్టుకునే గబగబా వెంట వచ్చింది. నలభై ఏళ్లు దాటిన మనిషి. ఆ ఇంట్లో ఎన్ని సంగతులు చూసినా నోరు మెదపని మనిషి.

"కొంటున్నరా ఆండాలూ?"

"మా ఇంటాయన కొంటుండు."

మాణిక్యమ్మ వెనక్కి చూసింది. "ఎవలకు చెప్పకు. దసరా ముందర చిన్నయ్య నయాపూల్ మీద టాంగాను గుద్దిండు. సైకిల్ మెడకాడ రెండు తుంటలైంది. చిన్నయ్యకు గడ్డం పగిలింది. గందుకే అమ్మగారు దాన్ని ఇంట్ల ఉంచొద్దంటున్నది."

"మల్ల అతికిచ్చింది ఎవలు?"

మాణిక్యమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"నీకు ఎర్క లేదా? మీ ఆయననే గదా సంచిల కట్టుకొని కొలిమికాడి లోహార్ దగ్గరికి తీస్కపోయింది. లోహార్ ఒకటే చెప్పిండట, నడిపిచ్చుకుంట పోనీకి పనికొస్తది గని మనిషి ఎక్కి జోరుగ తొక్కితే ఆగదని. రంగు గూడ మీ ఆయననే ఏసిండు. గీ వాకిట్లనే కూసుండి ఏసిండు."

ఆండాలు చెంబు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది.

దారి పొడుగునా ఆమెకు ఒకటే కనబడింది. కొండల్ ఆ మేకపోతు కొమ్ముల మీద వంగి, గాలిని కోసుకుంటూ, వాలులో దిగుతున్నాడు. నల్లకోటు తొడుక్కున్న అన్న అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

మొగుడు పిరికివాడని ఆమెకు తెలుసు. డబ్బా కొట్టుకుంటాడని తెలుసు. ఇంత ఉంటుందని తెలియదు.

*

ఇంటికి వచ్చేసరికి కొట్టంలో పడ్డ లేదు.

కట్టుకొయ్యకు తాడు కూడా లేదు. తల్లిబర్రె మేత ముట్టకుండా గుమ్మంవైపే మొహం పెట్టి అరుస్తోంది.

"అత్తా! ఏది?"

సత్తెమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. "నువ్వు అటు పోయినవు. మీ మామ గడ్డికని ఇటు పోయిండు. పెద్దోడు ఓదెలును ఎంటబెట్టుకొని మల్ల వచ్చిండు. గంతే."

"నువ్వు చూస్కుంట కూసున్నవా?"

"నన్నేం జెయ్యమంటవే? కొడుకుతోని కొట్లాడాల్నా?"

"కొండల్ ఏడి? సంకలు గుద్దుకుంటుండా సైకిల్ వస్తదని?"

సత్తెమ్మ చేతిలో గిన్నె ఆగింది. ముఖం తిప్పుకుంది. అప్పుడు కనబడింది ఆండాలుకు, అత్త కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వాడు బయటికి వచ్చి, వదినె ఒప్పుకున్నదా అన్నా అని అడిగిండు. ఒప్పుకున్నది, నీకోసమే, నోరు మూస్కో అన్నడు పెద్దోడు. వాడు నా దిక్కు చూసిండు. నేను…" సత్తెమ్మ గిన్నె కింద పెట్టింది. "నేను మాట్లాడలేదు. పడ్డ గల్లీ దాటి శానసేపైనంక, నేను ఎందుకు మాట్లాడలేదో వానికి సమజైంది. పడ్డను ఫలక్‌నుమా స్టేషన్ల రైలెక్కిస్తడట ఓదెలు. పగటి బండికే. వాడు కాలి కట్టు గుంజి పారేసి ఉరికిండు."

గడప దగ్గర చింతాకు కట్టు నేలమీద పడి ఉంది.

ఫలక్‌నుమా మూడు మైళ్లు. వాచిన ఎముకతో. పొద్దున వాడికి తాను అన్న కోటు మాట ఆండాలుకు గుర్తొచ్చింది.

"ఎంతసేపైంది?"

"అన్నం ఉడికెంత సేపు."

ఆండాలు బిందె ఎత్తి తల్లిబర్రెకు నీళ్లు పెట్టింది. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం దాటాక రాంచందర్ వచ్చాడు. సత్తెమ్మ నల్లా దగ్గరికి నీళ్లకు వెళ్లింది. అతను ఆండాలు కోసమే వెతుక్కుంటూ కొట్టంలోకి వచ్చాడు, కోటుకు పేడ అంటకుండా ఒడుపుగా అడుగులు వేస్తూ.

"చూడు, అయ్యిందేదో అయ్యింది," అన్నాడు. "సాయంత్రం సైకిల్ వస్తది. చిన్నయ్య తానే తెస్తనన్నడు. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు నోరు జారకు."

"అతికిచ్చింది నువ్వేనట."

రాంచందర్ అడుగు గాలిలోనే ఆగింది.

"రంగు గూడ నువ్వే ఏసినవట."

 రాంచందర్ కోటు మొదటి గుండీ పెట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పిండ్రన్నది అడిగినవు. అబద్ధమని అనలేదు."

"లోహార్లు గట్లనే భయపెడ్తరు. అతుకు గట్టిగనే ఉన్నది. ఏం కాదు."

"మరి తమ్మునికి చెప్పినవా, అతుకున్నదని?"

"చెప్తే కొంటడా?" అనేశాడు రాంచందర్. అనేశాక నాలుక కరుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నీకు సమజ్ గాదే. పన్నెండేండ్లాయె ఆ ఇంట్ల చాకిరి జేయబట్టి. ఇప్పటిదాక నా పేరుతోని పిలువరు. ఏయ్ అంటరు. పెద్ద మున్షీ కుర్చీ ఒక్కటి దొరికితే నాతోని గూడ మనిషి లెక్క మాట్లాడుతరు. చిన్నయ్య ఒక్క మాట చెప్తే అయితది. గందుకే…"

"గందుకే తమ్ముని మెడ."

ఆండాలు అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పొద్దున ఆ సైకిలును చూసినట్టే చూసింది. పక్కకు ఉమ్మేసి కొట్టంలోంచి బయటికి వచ్చింది.

"అవ్వకు, బాపుకు చెప్పకు," అన్నాడు వెనకనుంచి. బతిమాలుతున్నట్టు లేదు. ఆజ్ఞ ఇస్తున్నట్టూ లేదు.

*

పొద్దు వాలుతుండగా గల్లీ మలుపులో పడ్డ కనబడింది. దాని మెడ మీద చెయ్యి వేసి, సగం బరువు దానిమీదే ఆనించి, కొండల్ కుంటుకుంటూ వస్తున్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ముఖంలో రక్తం లేదు. పళ్లు మాత్రం బయటపడి ఉన్నాయి. నవ్వుతున్నాడు.

"దొరికింది వదినా! వ్యాగన్ తలుపు ఏస్తుండిండ్రు. వదినె ఒప్పుకోలేదు ఓదెలన్నా అని చెప్పిన. ఆడిమనిషి ఉసురు నాకెందుకు, పైసలు మీ అన్న దగ్గర మల్ల తీస్కుంట అని తాడు నా చేతిల పెట్టిండు."

సత్తెమ్మ పరుగున వెళ్లి కొడుకు రెక్క పట్టుకుంది. గడ్డిమోపు దించుకుని అరుగు మీద కూర్చున్న మొగులయ్య లేచి వచ్చాడు. కొడుకు వాచిన కాలు చూశాడు. పడ్డను చూశాడు. 

"ఫలక్‌నుమా దాక ఉరికినవా?" అన్నాడు. పొద్దుటి వెటకారం ఆ గొంతులో లేదు.

ఆండాలు తాడు అందుకుంది. ఏదో అనాలని ఉంది. "కాళ్లు కడుక్కో. అన్నం పెడ్త," అని మాత్రం అనగలిగింది. కొండల్‌కు అది చాలింది.

అప్పుడే దామోదర్ వచ్చాడు. వాడి వెనక నౌకరు ఒకడు సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. గౌలీల గల్లీలోకి వకీలు కొడుకు రావడం ఎన్నడూ లేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మున్షీ! ఇదిగో, మీ సరుకు. మీ ఇంటామె పొద్దున పరీక్ష కూడా చేసిపోయింది. ఇంకా తాత్సారమెందుకు?"

రాంచందర్ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి నౌకరు చేతిలోంచి సైకిలు అందుకున్నాడు. సాయంత్రపు ఎండకు దాని చక్రాల తీగెలు మెరిశాయి.

ఆండాలు కొండల్ మొహం చూసింది. కాలి నొప్పి, మూడు మైళ్ల పరుగు, అన్నీ మరిచిపోయి వాడు ఆ వంకర హ్యాండిలు వంకే చూస్తున్నాడు. పడ్డ ఇంటికి వచ్చింది. ఇక సైకిలు రాదని తెలుసు. అయినా చూస్తున్నాడు.

"ఒక్కసారి ఎక్కి చూడొచ్చా?" అన్నాడు కొండల్ దామోదర్‌తో. తర్వాత రాంచందర్ వైపు తిరిగాడు. "అన్నా, కొనకున్నా సరే. ఈ వాలుల ఒక్కసారి. మంచిగున్నది గదా?"

రాంచందర్ పెదవులు కదిలాయి. మాట రాలేదు. తల మాత్రం ఊగింది. అవునన్నట్టే ఊగింది.

కొండల్ కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. చెయ్యి చాచాడు.

ఆండాలు పడ్డ తాడు అత్త చేతిలో పెట్టి, వెళ్లి ముందుచక్రానికి ఎదురుగా నిలబడింది.

నిజం నాలుక చివర ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట తాను చెబితే ఈ మనిషి రేపు మళ్లీ కోటు దులుపుకుంటాడు. ఆడదాని మాట అంటాడు. లోహార్లు భయపెడతారంటాడు. లేదు. ఆ నోటితోనే రావాలి.

"ఆగు కొండల్," అంది. "నీ కాలు వాచి ఉన్నది. ముందుగాల మీ అన్న ఎక్కుతడు. గల్లీ కొసన కమాను దాక పోయి వస్తడు. ఆయన వచ్చినంక నువ్వు ఎక్కు. కొనుడు సంగతి అప్పుడు మాట్లాడుదం."

"బాగ చెప్పినవు," అన్నాడు మొగులయ్య. "పెద్దోడు ఎక్కనీ. వకీల్ ఇంటి కాయితాలు సైకిల్ మీద మోసుడు వానికి రోజూ ఉండేదే గదా."

ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. దామోదర్ ముక్కు మీది రుమాలు తీశాడు.

"మున్షీ ఎందుకిప్పుడు? చీకటి పడుతోంది," అన్నాడు. "రేపు తీరిగ్గా…"

"ఎండ ఇంకా గోడ మీదనే ఉన్నది చిన్నయ్యా," అంది ఆండాలు.

దామోదర్ రాంచందర్ వంక చూశాడు. ఆ చూపులో అడుక్కోవడం లేదు. నోరు విప్పితే ఏమవుతుందో తెలుసుగా అన్న బెదిరింపు ఉంది. పన్నెండేళ్లుగా రాంచందర్ ఆ చూపు కిందే బతికాడు.

రాంచందర్ భార్య వైపు చూశాడు. ఈ వాకిట్లో అతుకు సంగతి తెలిసినవాళ్లు ఆ ముగ్గురే.

చెప్పు, అన్నట్టు చూసింది ఆండాలు. చెప్పేయ్. చెప్పి సిగ్గుపడు. సిగ్గుపడితే నిన్ను మనిషిగా చూస్తాను.

రాంచందర్ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. కోటు తీసి, మడత నలగకుండా, తల్లి చేతికిచ్చాడు. కోటు లేకుండా అతని భుజాలు అంత సన్నగా ఉంటాయని గల్లీవాళ్లకు అప్పుడే తెలిసింది.

కాలు ఎత్తి సైకిలు మీద వేశాడు.

 ఇట్లా అవుతుందని ఆండాలు అనుకోలేదు. భయపడతాడు, తడబడతాడు, నిజం కక్కేస్తాడు అనుకుంది. పదిమందిలో వకీలు కొడుకును తప్పుపట్టే మాట ఒక్కటి అనడం కంటే ఆ మనిషికి మెడ విరగ్గొట్టుకోవడమే సులువైపోయింది.

"ఏమయ్యా," అంది. పక్కకు జరిగి హ్యాండిలు అందుకోబోయింది. "ఏమయ్యా, దిగు…"

రాంచందర్ వినలేదు. వినిపించుకోలేదేమో. పెడల్ మీద రెండో కాలు కూడా పెట్టాడు. అక్కడినుంచి కమాను దాకా గల్లీ అంతా వాలే. చక్రం ఆమె పక్కనుంచి కదిలింది. ఒక్కసారి ఎడమకు గుంజి, తిన్నగా పట్టుకుంది.

"వంగు అన్నా! హ్యాండిల్ మీదికి వంగి జోరుగ తొక్కు!" అని వెనకనుంచి కొండల్ సంతోషంగా కేక వేశాడు.

రాంచందర్ వంగాడు.